రేవులో తాడు

నా చిన్నప్పుడు మా కోనసీమలో సైకిలు పందెమంటే సగం సైకిలు, సగం నావ. మా అమ్మమ్మగారి ఊరికీ అవతలి ఊరికీ మధ్య గోదావరి పాయ ఉండేది, దాని మీద వంతెన లేదు. పందెంలో ఉన్నవాళ్ళు ఇవతలి గట్టు మీద తొక్కుకుంటూ రేవుకు వచ్చి, సైకిళ్ళతో సహా నావ ఎక్కి, అవతల దిగి మళ్ళీ తొక్కాలి. అవతలి గట్టు వానలకు అక్కడక్కడా తెగిపోయి ఉండేది. అలాంటి చోట సైకిలు భుజాన వేసుకుని, మోకాలి లోతు బురదలో పరుగెత్తాలి. ఉన్నది ఒకటే నావ కాబట్టి అందరూ వచ్చేదాకా అది కదలకూడదని పెద్దలు నియమం పెట్టారు.

మా చినమావయ్యకు చదువు అబ్బలేదు గానీ సైకిలు బాగా అబ్బింది. తాతయ్యకు అదంతా పనికిమాలిన పిచ్చిగా కనిపించేది. ఆ ఏడు మాత్రం ఎందుకో కాస్త మెత్తబడ్డారు. "మొదటోడిగా వస్తే కాకినాడలో జిల్లా పోటీలకి పంపిస్తాన్రా. లేదంటే సోమవారం నుంచి అంబాజీపేట ఎల్లి కొబ్బరి కొట్లో కూచోవాలి" అన్నారు. తాతయ్య మాటంటే మాటే. జిల్లాలో గెలిస్తే పెద్ద పోటీలు, ఆ తర్వాత ఏదైనా మంచి ఉద్యోగం అని మావయ్య కలలు కనేవాడు. కొబ్బరి కొట్టు పేరెత్తితే ముఖం మాడ్చుకునేవాడు.

ముందు రోజు సాయంత్రం గొలుసుకు నూనె వేస్తూ తన ఉపాయం నాకొక్కదానికే చెప్పాడు. మా నావ ఒడ్డు వదిలాక గుండ్రంగా తిరిగి, మనం ఎక్కిన వైపునే ముందుకు పెట్టి అవతలి ఒడ్డు చేరేది. అందువల్ల మొదట ఎక్కినవాళ్ళు లోపలికి జరిగి, దిగేటప్పుడు అందరికన్నా వెనకబడతారు. చివర ఎక్కినవాడు ముందు దిగుతాడు. రోజూ దాటేవాళ్ళకు ఇది తెలియని సంగతేమీ కాదు. కానీ రేవులో జనం చప్పట్లు కొడుతుంటే, ముందొచ్చిన మొనగాడు పక్కకు తప్పుకుని మిగతావాళ్ళను ఎక్కనిస్తాడా?

"నేను తప్పుకుంటానే. ఎవరికీ చెప్పకేం" అన్నాడు మావయ్య. నేను అన్నాల దగ్గర కూడా నోరు మెదపలేదు. అమ్మమ్మ నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుంది.

పందెం నాడు తాతయ్య పొద్దున్నే అవతలి ఊరు వెళ్ళి, పందెం ముగిసే చోట కూర్చున్నారు. మేమూ అక్కడికే బయల్దేరాం. అమ్మమ్మా, నేనూ, బుట్టలు పట్టుకున్న మరో ఇద్దరూ ముందుగానే నావ ఎక్కి వెనక కూర్చున్నాం. కొత్తపేట వైపు నుంచి వచ్చిన పందెగాడు అందరికన్నా ముందు రేవుకు చేరాడు. చప్పట్ల మధ్య ఛాతీ విరుచుకుని నావ ఎక్కి, మా పక్కనే నిలబడ్డాడు. మావయ్య మధ్యలో ఎక్కడో వచ్చాడు. చక్రంలో గాలి చూసుకుంటున్నట్టు వంగి, అందరూ ఎక్కాక ఎక్కి, నావ ముందు కొసన నిలబడ్డాడు. నాకేసి చూసి కన్ను గీటాడు.

అన్నీ ఆలోచించాడు గానీ మావయ్య ఒకటి మరిచిపోయాడు. అవతలి ఒడ్డు ఏటా కోసుకుపోయేది, గుంజ పాతినా నిలిచేది కాదు. అందుకని ముందు దిగినవాడు తాడు పట్టుకుని, అందరూ దిగేదాకా నిలబడటం మా రేవులో అలవాటు. ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. రోజూ చేసే పని కావడంతో అది మావయ్య లెక్కలోకే రాలేదు.

ఒడ్డు తగలగానే సైకిలు భుజాన వేసుకుని బురదలోకి దూకాడు. వెనక గెడ వేస్తున్న నావ ఆసామి "తాడండీ, తాడు!" అని కేకేశాడు. మావయ్య చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చి తాడు అందుకుంది. అందుకున్నాకే ఆయనకు సంగతి అర్థమైంది. ఆ ముఖం నాకింకా గుర్తే. నీళ్ళు సముద్రం వైపు బలంగా లాగుతున్నాయి. తాడు వదిలితే నావ పాయలోకి కొట్టుకుపోతుంది. మళ్ళీ తిప్పి తెచ్చేసరికి మావయ్య గట్టు సగం దాటేసి ఉంటాడు. పందెంలో ఉన్నవాళ్ళందరూ ఆ తాడు కొసనే ఉన్నారు.

నేను లేచి నిలబడి "వదిలేయ్ మావయ్యా! పరిగెత్తు!" అని గొంతు చించుకున్నాను. అమ్మమ్మ నా నోరు మూసింది. అక్కడ తేలాల్సింది ఆవిడ కొడుకు జాతకం. ఆవిడకూ ఆశ ఉండే ఉంటుంది. కానీ చెయ్యి తీయలేదు.

మావయ్య సైకిలు గట్టున పడేశాడు. తాడు నడుముకు చుట్టుకుని, మడమలు బురదలో తన్నిపెట్టి నిలబడ్డాడు. "నెమ్మదిగా దిగండి, ఇక్కడ జారుద్దండి" అంటూ తనను ఓడించబోయే వాళ్ళను ఒక్కొక్కరినే దింపాడు. ఒకడైతే మావయ్య భుజం ఊతంగా పట్టుకుని మరీ దిగాడు. ఎవరూ మెచ్చుకోలేదు. తాడు పట్టుకోవడం అక్కడ ఎవరికీ గొప్ప పనిగా తోచలేదు. కొత్తపేట పందెగాడు, బుట్టల వాళ్ళు, అమ్మమ్మ దిగారు. ఆఖరున నన్ను ఒంటి చేత్తో దింపాడు. అప్పుడు నావ ఆసామి వచ్చి తాడు అందుకుని "ఆయ్, ఇక ఎల్లండి బాబూ" అన్నాడు.

ఆ తర్వాత మావయ్య పరుగెత్తినట్టు పరుగెత్తిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. తెగిన గట్టు దగ్గర సైకిలుతో సహా పడ్డాడు, లేచాడు, ఇద్దరిని దాటాడు, మలుపు తిరిగాడు. మేము చేరేసరికి పందెం అయిపోయింది. కొత్తపేట ఆయన గెలిచాడు. మావయ్య మూడోవాడు.

"పందెం ఎక్కడ పోయింది?" అని అడిగారు తాతయ్య.

"రేవులో అండి. తాడు నా చేతికొచ్చింది."

తాతయ్య బురద కొట్టుకుపోయిన సైకిలు కేసి చూశారు. తర్వాత "మరి సోమవారం?" అన్నారు.

"ఆయ్. ఎల్తానండి."

తాతయ్య మాట మార్చుకోలేదు. ఇంటికొచ్చాక మాత్రం తానే సైకిలును కాలవలోకి దింపి, కొబ్బరి పీచుతో బురదంతా రుద్ది కడిగారు. ఆయన ఆ సైకిలును ముట్టుకోవడం అదే మొదలు.

మావయ్య జీవితమంతా అంబాజీపేటలోనే గడిచింది. రేవు పోయి వంతెన వచ్చింది. మొన్నీమధ్య మా మనవరాలు ఫోన్లో ఏదో చలి దేశపు పందెం చూపించింది. బురదలో, సైకిళ్ళు భుజాన వేసుకుని మెట్లెక్కుతున్నారు. "దీన్ని సైక్లోక్రాస్ అంటారు అమ్మమ్మా" అంది. మా వైపు ఎప్పుడో చేసేవారని చెబితే నమ్మలేదు. దానికి ఇదంతా చెప్పాల్సి వచ్చింది.

మావయ్య పోయే ముందు ఒకసారి అడిగాను, ఎప్పుడైనా బాధనిపించిందా అని. "బాధెందుకు లేదే, ఉంది. తాడు వదిలేసుంటే ఇంకో బాధ ఉండేది. ఇదే నయం" అన్నాడు.

ఇప్పుడు నాకు దాటాల్సిన రేవులేవీ లేవు. అయినా బస్సులో గానీ లిఫ్టులో గానీ ముందుగా దిగానంటే, వెనక ఇంకెవరైనా ఉన్నారేమో చూడందే నా కాళ్ళు కదలవు. వెనక ఉన్నవాళ్ళు "మీరు పదండి మామ్మగారూ" అంటారు. వాళ్ళు దిగేదాకా తలుపు పట్టుకునే నిలబడతాను.