డోర్కాస్ టీచర్ మూయని పుస్తకం

శంషాబాద్‌లో మా వంటింటి కిటికీకి ఎదురుగా ఉన్న బడిలో మూడో తరగతికి డోర్కాస్ టీచర్ ఇంగ్లీషు చెబుతుంది. సన్నటి మనిషి. చీర కొంగు నడుముకు బిగించి, నిలబడే చదువుతుంది. చేతిలో ఎప్పుడూ ఒకటే బొమ్మల పుస్తకం. యుద్ధానికి పోయి తిరిగిరాని తండ్రిని ఏటేటా ఎర్ర గసగసాల పూలు పెట్టి తలచుకునే పాప కథ అది. ఆ పూలు ఇక్కడ దొరకవని పిల్లల చేత బంతిపూలు తెప్పిస్తుంది. విమానం తలమీదుగా పోతుంటే చదివే మాట మీద వేలు పెట్టి ఆగుతుంది, మోత తగ్గాక అక్కడి నుంచే అందుకుంటుంది.

మొన్న, "మీరెవరిని తలచుకుంటరు? ఇంగ్లీషుల చెప్పుండ్రి" అని అడిగింది. లారీ గుద్ది తండ్రి పోయినప్పటి నుంచి బడిలో నోరు విప్పని అనుపమ లేచి, "ఐ రిమెంబర్ మై బాపు" అని ఏడ్చేసింది. తక్కిన పిల్లలూ ఏడ్చారు. ఆ ఏడుపులు విని హెడ్మాస్టరు రాఘవేందర్ వచ్చాడు.

"ఏంది మేడం, పిల్లలకు చావు ముచ్చట్లా? ఆ పుస్తకం ఇటియ్యుండ్రి. లేకుంటే రేపటి సంది రాకుండ్రి."

"రేపటి ముచ్చట రేపు సూద్దాం సార్. పిల్ల చెప్తున్నది, జర ఆగుండ్రి."

తెరిచిన పుస్తకం మూయకుండానే ఛాతీకి ఆనించుకుని టీచర్ అనుపమ వైపు తిరిగింది. "బాపు పేరేంది బిడ్డా? సార్‌కు ఇంగ్లీషుల చెప్పు."

అనుపమ కళ్లు తుడుచుకుని, హెడ్మాస్టరు ముఖంలోకి సూటిగా చూసింది.

"హిజ్ నేమ్ ఈజ్ యాదయ్య, సార్!"