మిక్సీ మూతలోని పాత వాషర్

మొన్న ఆదివారం మిక్సీ మూతలోని రబ్బరు వాషర్ తెగిపోతే రిపేరు కొట్టుకు పట్టుకెళ్ళాను. కొట్టతను కొత్తది బిగించి పాతదాన్ని చెత్తబుట్టలోకి విసరబోతుంటే అడ్డంపడి లాక్కున్నాను. "తెగిపోయినదాంతో ఏం పనండీ?" అన్నాడు, నా ఆరోగ్యాన్ని శంకిస్తూ. నేను దాన్ని ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చాను. వరసగా పదకొండు తుమ్ములు వచ్చాయి. డాక్టరు నా చేత కారం మాన్పించి రెండేళ్ళయినా దానిలో ఘాటు చావలేదు. నాకు మాత్రం తుమ్ములతోపాటు పాత సంగతులన్నీ బయటపడ్డాయి.

ఎనిమిదేళ్ళ క్రితం మా ఆవిడకు బ్యాంకు ఉద్యోగంలో విశాఖపట్నం బదిలీ అయింది. ఆరేళ్ళ అమ్మాయినీ మూడేళ్ళ అబ్బాయినీ తీసుకుని వెళ్ళింది. నేను గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీకి సూపర్వైజర్ని. లక్ష బస్తాల మిరపకాయలకు కాపలాగా మిగిలిపోయాను. మూడేళ్ళేగా అనుకున్నాం. కానీ వాళ్ళు వెళ్ళిన మర్నాటి నుంచే ఇల్లు పెరగడం మొదలుపెట్టింది. మంచం దిగి వంటింటికి వెళ్ళాలంటే మధ్యలో ఒకచోట ఆగి అలుపు తీర్చుకోవాల్సి వచ్చేది. అంత దూరం నడిచి వెళ్ళి వండేదీ ఏమీ లేదు. అన్నం, గొడ్డుకారం, ఇంత నూనె. ఎండుమిరపకాయలు, ఉప్పు, వెల్లుల్లి తప్ప మా మిక్సీ వేరే పదార్థం మొహం చూసి ఎరగదు.

ఒకరోజు మా ఆవిడ ఫోన్ చేసింది. "పిల్లలు పొద్దున పీనట్ బటర్ రాస్తేగానీ బ్రెడ్డు ముట్టట్లేదండీ. ఇక్కడ కొన్నదాంట్లో అంతా పంచదారే. మీరొచ్చేటప్పుడు మంచిది చూసి తీసుకురండి. పామాయిల్ ఉండకూడదు. పలుకులు అసలే వద్దు, చిన్నోడి గొంతుకు అడ్డం పడుద్ది." నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ళు పొద్దున్నే పలహారానికి కూర్చునే చోట నేను లేకపోతేనేం, బ్రెడ్డు మీదైనా ఉంటాను కదా!

సూపర్ మార్కెట్లో సీసాల ముందు నిలబడ్డాను. వెనక లేబుల్ మీది అక్షరాలు చీమ రాసి దోమ దిద్దినట్టున్నాయి. ఎంతసేపు నిలబడ్డానంటే, ఒకావిడ వచ్చి "బాబూ, కందిపప్పు ఎక్కడుంది?" అని నన్నడిగింది, వెళ్ళి చూపించాను కూడా. ఒకదాంట్లో పంచదార, ఒకదాంట్లో పామాయిల్, ఇంకోదాంట్లో పేరు పలకడానికే రెండేళ్ళు కెమిస్ట్రీ చదవాల్సినవి. చిట్టచివరికి ఉత్త వేరుశనగ గుళ్ళతో చేసింది దొరికింది. పైన వేలెడు నూనె తేలుతోంది. పచ్చడి జాడీలో నూనె తేలితే మురిసిపోయే వాళ్ళం; సరుకు మంచిదని ఇట్టే తెలిసిపోయింది. తీరా చేతికి తీసుకున్నాక రోషం వచ్చింది. గుళ్ళు వేయించి రుబ్బడమేగా, ఆ మాత్రం కన్నతండ్రి చెయ్యలేడా? సీసా అక్కడే పెట్టేసి, దర్శి నుంచి వచ్చిన గుళ్ళు రెండు కిలోలు కొన్నాను.

సన్నసెగన వేయించాను. పొట్టు నలిచి, చెరగడం చేతకాక ఫ్యాను వేశాను. ఆ పొట్టు కొంత ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతూనే ఉంది. మిక్సీ జారును మాత్రం ఏడుసార్లు కడిగాను: వేణ్ణీళ్ళు, సబ్బు, కుంకుడుకాయ, నిమ్మచెక్క, చింతపండు, శనగపిండి, ఆఖరికి పళ్ళపొడి. మూత లోపల వాషర్ అనే ప్రాణి ఒకటి నివాసం ఉంటుందని నాకప్పటికి తెలీదు. ఆపి ఆపి తిప్పగా గుళ్ళు ముందు పొడయ్యాయి, తర్వాత ముద్దయ్యాయి, చివరికి నూనె వదిలి తేనెలా జారాయి. చిటికెడు ఉప్పు తప్ప ఏమీ వెయ్యలేదు. నా నాలుకకు అమృతంలా ఉంది. అయినా అనుమానం తీరక పక్కింటి పిన్నిగారికి రుచి చూపించాను. "చప్పగా ఉంది నాయనా. కాస్త కారం తగిలిస్తే అన్నంలోకి బాగుంటది," అంది. ఆ సర్టిఫికెట్‌తో, ముద్దను సీసాకెత్తి శనివారం రైలెక్కాను. సీసాను దారిపొడవునా ఒళ్ళోంచి దించలేదు.

ఆదివారం పొద్దున మావాడు అది రాసిన బ్రెడ్డు ఒక్క ముక్క కొరికి పెట్టిన కేకకు సముద్రంలో ఉన్న పడవలన్నీ ఒడ్డుకు తిరిగి ఉంటాయి. మా ఆవిడ వేలితో తీసి నాకి చూసింది. "ఏంటండీ ఇది? మిరపకాయలు రుబ్బిన జారేనా?"

"ఏడుసార్లు కడిగానే! కుంకుడుకాయతో, నిమ్మచెక్కతో..."

"మూతలో రబ్బరు తీసి కడిగారా?"

నేను పైన తిరుగుతున్న ఫ్యానును శ్రద్ధగా పరిశీలించాను.

అమ్మాయి మాత్రం నములుతూనే ఉంది. చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. అయినా ముక్క మొత్తం తిని, గ్లాసెడు నీళ్ళు తాగి, "బాగుంది నాన్నా," అంది. తర్వాత నా పక్కకొచ్చి నిలబడి, చిన్నగా అడిగింది: "అక్కడ నువ్వు రోజూ ఇదే తింటావా?"

ఎంత దుఃఖానికైనా నా దగ్గర ఒక జోకు తయారుగా ఉంటుందని పేరు. ఆ పూట ఎంత వెతికినా దొరకలేదు.

తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడ నా సంచిలో కొత్త జారు ఒకటి, దాని మూతతో సహా పెట్టింది. "ఇది పిల్లలది. దీంట్లో కారం వేశారో, ఊరుకోను," అంది. రెండేళ్ళపాటు పదిహేను రోజులకోసారి ఆ జారులో వేరుశనగ గుళ్ళు రుబ్బాను, ఇంకేదీ దాంట్లో పడనివ్వలేదు. పిల్లలు సీసా అడుగు గీరి మరీ తినేవారట. ఆ మాట ఫోన్లో విన్నరోజు ఇల్లు కొంచెం చిన్నదయ్యేది. తర్వాత ఒక శుక్రవారం అమ్మాయి, "ఈసారి తేవద్దు నాన్నా. మేమిప్పుడు దోసెలే తింటున్నాం," అంది. మంచిదేగా అన్నాను. మంచిదే.

మూడేళ్ళనుకున్నది పిల్లల చదువులతో ఎనిమిదయింది. రిపేరు కొట్టు నుంచి వచ్చి, పై అరలోంచి వాళ్ళ జారు దించి మూత తీసి వాసన చూశాను. ఏ వాసనా లేదు. పాత వాషర్‌ను దాని పక్కనే పెట్టాను. ఏడుసార్లు కడిగినా ఆ ఘాటు పోలేదు. ఎవరూ కడక్కుండానే పిల్లల చిన్నతనం పోయింది.