వంతెన మీద కమలక్క

ఎండకు కాగిన రెక్సిన్ వాసన తగిలితే చాలు, నాకు ఆటో ఆటోలా ఉండదు, మా పాత అంబులెన్సయిపోతుంది. మొన్న వడపళని నుంచి వస్తూ సీటు మీద చెయ్యి ఆనించగానే అదే వాసన. పక్కనున్న మనవరాలికి వెంటనే పాత కథ ఎత్తుకున్నాను: "కోడంబాక్కంలో మీ తాత అంబులెన్సు తోలుతున్నాడంటే ఎర్ర లైట్లు కూడా భయపడి పచ్చబడేవి!" ఆ పిల్ల నమ్మింది. మీరు నమ్మకండి. నాకు సైకిలు తొక్కడం కూడా రాదు. బండి తోలింది సెల్వం. నేను వెనకాల కూర్చుని సెలైన్ సీసా పట్టుకునేవాణ్ణి. అదీ కాసేపే, సీసా తగిలించడానికి పైన కొక్కేలుండేవి.

ఆ కొక్కేలు నిజానికి దుస్తులవి. మా అంబులెన్సు ఒకప్పుడు సినిమా కంపెనీ వాళ్ల కాస్ట్యూమ్స్ వ్యాను. కంపెనీ మూతపడ్డాక కమలక్క దాన్ని అడిగి తెచ్చి, తెల్లరంగు వేయించి, స్ట్రెచర్ పెట్టించింది. ఆమె హెయిర్ డ్రెస్సర్, నెల్లూరు మనిషి. ఫైట్లలో ఎముకలు విరిగినవాళ్లు ఆటోల్లో ముడుచుకుని ఆస్పత్రికి పోవడం చూడలేక ఈ పనికి పూనుకుంది. షూటింగు లేని రోజున ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లం బండెక్కేవాళ్లం. జీతం లేదు, బోర్డు లేదు.

నేను డబ్బింగ్ చెప్పేవాణ్ణి. తండ్రులు, జడ్జీలు, చావబోయే జమీందార్లు అంతా నా గొంతే. ఆ గొంతు మీద ఎంత గర్వమంటే, మొదటిసారి బండెక్కిన రోజు అదే పెద్ద మందనుకున్నాను. లైట్‌మాన్ ఏసు పైనుంచి పడి, నడుం విరిగి, స్ట్రెచర్ మీద మూలుగుతున్నాడు. అతని చెయ్యి పట్టుకుని, వ్యాను రేకు అదిరేలా, "నీకేమీ కాదు నాయనా! నేనున్నాను!" అన్నాను.

ఏసు గుడ్లు తేలేశాడు. "అక్కా, ఈయన్ని దించెయ్యక్కా! ఆ మాట అనినాక మన సినిమాల్లో ఎవుడన్నా బతికినాడా?"

కమలక్క నవ్వలేదు. "డైలాగులు ఆపబ్బా. యాడున్నామో చెప్పు."

"ఎందుకక్కా?"

"పండుకోనుండేవాడికి ఈ రేకు తప్ప ఏం అగపడతాది? బండి పోతా ఉందో నిలబడిందో కూడా తెలీదు వాడికి. దోవ చెప్పు. ఉండేది ఉన్నట్టు చెప్పు. దాటకుండా దాటినామని మాత్రం చెప్పొద్దు."

"పవర్‌హౌస్ దాటాం ఏసూ," అన్నాను గొంతు తగ్గించి. "ముందు బస్సు అడ్డముంది. ఆ, కదిలింది. వంతెన ఎక్కుతున్నాం." ఏసు మూలుగు మెల్లగా సన్నబడింది. అప్పటినుంచి మా బండిలో అదే పద్ధతి. జీవితమంతా ఎవరో రాసిచ్చిన మాటలే చెప్పాను. ఎవరూ రాసివ్వకుండా నేను చెప్పినవి అవే.

తర్వాత తెలుగు సినిమా హైదరాబాదు పోయింది. మనుషులూ దాని వెంటే పోయారు. బండెక్కడానికి అక్క, సెల్వం, నేను మిగిలాం. ఒక మధ్యాహ్నం విగ్గు చిక్కు తీస్తూ అక్కే గుండె పట్టుకుంది. "సెల్వాన్ని పిలు," అని, స్ట్రెచర్ మీద తనే ఎక్కి పడుకుంది.

వంతెన మీద బండి ఆగిపోయింది. ముందు బస్సులు, వెనక లారీలు. సైరన్ మోగుతూనే ఉంది. సెల్వం తల బయటపెట్టి దారి ఇమ్మని అరుస్తున్నాడు. స్కూటరు మీద ఒకాయన కిటికీలోంచి తొంగి చూసి, "షూటింగా సార్?" అని కెమెరా కోసం అటూ ఇటూ వెతికాడు. కోడంబాక్కంలో మా చావులు కూడా ఎవరూ నమ్మరు.

"యాడున్నాం?" అంది అక్క.

"వంతెన మీద."

కాసేపాగి మళ్లీ అడిగింది.

"వంతెన మీదే అక్కా." అంత కష్టమైన మాట నేను ఏ మైకు ముందూ చెప్పలేదు.

చివరికి బండి కదిలింది. వంతెన దిగాం అన్నాను. మహాలింగపురం మలుపు తిరిగాం అన్నాను. ఆస్పత్రి గేటు వచ్చిందక్కా అన్నాను. అప్పుడు నా వేలు నొక్కి కళ్లు మూసింది. సంతాప సభలో అందరికీ ఇలాగే చెప్పాను. నాకు మిగిలిన ఊరట అదొక్కటే. నడిదోవలో పోలేదు, గేటు దాకా వింటూ వచ్చింది.

ఆ తర్వాత ఎవరూ బండెక్కలేదు. దాన్ని ఎవరు తీసుకుపోయారో, ఏం చేశారో కూడా కనుక్కోలేదు. ఆ అలవాటు మాత్రం నన్ను వదల్లేదు. స్కానింగు బల్ల మీద పడుకోబెట్టినా నాలో నేనే దోవ చెప్పుకుంటాను. ఎక్కడికో తెలియదు. వినేవాళ్లూ లేరు.

ఇంతవరకూ రాసి, నిన్న సెల్వానికి చదివి వినిపించాను. అతను తమిళుడు, మా మధ్య తిరిగి తెలుగు నేర్చినవాడు. కళ్లు మూసుకుని అంతా విన్నాడు.

"అన్నా, చుమ్మా ఉత్తుత్తి కథలు రాయొద్దు," అన్నాడు. "గేటు దాకా యాడ వచ్చింది అక్క? వంతెన మీదనే పోయింది. నేను అద్దంలో చూస్తిని. ఆ తర్వాత కూడా నువ్వు చెప్తానే ఉంటివి, మహాలింగపురం అని, గేటు అని. అదంతా వినింది నేనొక్కడే."