గడ్డ ఏం తింటుంది?

మా ఆయనకు ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలిన రోజు, బతుకుతాడా అని అడగడానికే ఆ గదిలోకి వెళ్లాను. తీరా అడగబోతే భయమేసింది. ఏళ్ల తరబడి వంటింట్లో ఉన్నదాన్ని కాబట్టి కాబోలు, దాని బదులు నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"సార్, ఆ గడ్డ ఏం తింటది?"

హనుమకొండలోని ఆ డాక్టరు చిన్నవాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"మంచిగ అడిగిండ్రమ్మా. ఇది జర వేరే రకం," అన్నాడు.

చాలా క్యాన్సర్లు చక్కెరను ఆబగా లాక్కుంటాయట. ప్రోస్టేట్‌లో పుట్టింది మాత్రం మొదట్లో చక్కెర జోలికి అంతగా పోదట. కొవ్వును కాల్చుకుని బతుకుతుందట. చుట్టుపక్కల ఉన్న కొవ్వులోంచి లాక్కుంటుంది, చాలకపోతే తనే తయారు చేసుకుంటుంది. ఇంట్లో దొంగ పడితే వాడికి ఏ కూర ఇష్టమో ఆరా తీసినట్టుంది నా వరస. కానీ విన్నకొద్దీ ఇంకా వినాలనిపించింది.

ఎందుకంటే అనుమానం మొదలైనప్పటి నుంచీ నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. ఫోన్లో ఎవరో పంపింది నమ్మి, ఆయన చాయ్‌లో చక్కెర బంద్ చేశాను. నోరు చప్పబడిందని గొణిగితే గారెలు, సకినాలు చేసి పెట్టాను. మాది నూనె దుకాణం, ఇంట్లో నూనెకు కరువా!

"పొట్టల కొవ్వు అంటే గోదాంల సరుకు కాదమ్మా, ఊకె పడి ఉండదు," అన్నాడు డాక్టరు. "అది రాత్రింబవళ్లు పని చేస్తది, రక్తంలకు ఏదో ఒకటి పంపుతనే ఉంటది. ఒంట్ల కొవ్వు ఎక్కువుంటే ఈ రోగం మొండికేసే భయం ఎక్కువ. అట్లని కొవ్వు తగ్గితే గడ్డ కరుగుతదని నేను చెప్ప. గంత రుజువు లేదు."

ఇంకో చిక్కు కూడా చెప్పాడు. ఈ రోగం మగ హార్మోను మీద ఆధారపడి పెరుగుతుంది కాబట్టి దాన్ని అణచడానికి సూదులు ఇస్తారు. ఆ సూదులతో కండ తగ్గి, పొట్ట పెరుగుతుంది. అంటే ఒక చేత్తో గడ్డ నోరు కట్టి, ఇంకో చేత్తో దాని ముందు కంచం పెట్టడమన్నమాట. అందుకే రోజూ నడవాలి, పొట్ట తగ్గాలి అన్నాడు. మా ఆయన బుద్ధిగా తలూపాడు.

ఇంటికొచ్చాక ఒక్క అడుగు వేస్తే ఒట్టు.

వరంగల్‌లో మా బజారు సంగతి తెలియనివాళ్లకు ఇది అర్థం కాదు. దుకాణంలో గద్దె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే యజమాని పొట్ట ఒళ్లో నిండుగా కూర్చోవాలి. మా మామగారిది అలాగే ఉండేది. పెళ్లిచూపుల్లో మా నాన్న ఈయన మొహం కంటే ముందు పొట్ట చూసి, దుకాణం బాగా నడుస్తున్నట్టుందని సంతోషించాడు. మా దగ్గర షావుకారు చిక్కిపోతే రెండే కారణాలు చెప్పుకుంటారు. దుకాణమైనా మునిగి ఉండాలి, పెద్ద రోగమైనా పట్టి ఉండాలి. మూడో కారణం ఎవరూ వెతకరు.

రోగం సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. అడిగితే గ్యాస్ అన్నాం. ఇంట్లో కూడా ఆయన దాని పేరెత్తేవాడు కాదు, "ఆ సంగతి" అనేవాడు.

"నడిస్తె సన్నవడ్త. సన్నవడితె బజారంత తెలుస్తది," అన్నాడు. "తెలిసినంక గిరాకీలు నూనె దిక్కు సూడరే, నా మొఖం దిక్కు సూస్తరు. గది నాతోని కాదు."

నాకు ఒళ్లు మండింది. "బజారోళ్ల కోసం గడ్డను సాకుతాండ్రా?" అని అరిచాను. ఆయన సకినాల డబ్బా అందుకోబోయాడు. లాక్కుని అటక మీద పడేశాను.

చివరికి మధ్యేమార్గం దొరికింది. వరంగల్‌లో కాకుండా, మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టని హనుమకొండ పార్కులో నడవడం. పొద్దున్నే ఆటోలో వెళ్లేవాళ్లం. "నడవడానికి ఆటోల పోతాండ్రా పెద్దమ్మా?" అని ఆటో అతను ఒకటే నవ్వు. ఇంట్లో వేపుళ్లు మానేశాను. దుకాణంలో కొత్త డబ్బా తెరిచినప్పుడు అరచేతిలో చుక్క వేసి రుద్ది, వాసన చూసి, నాలుకకు రాసుకునే అలవాటు మాత్రం ఆయన మానలేదు. అది తిండి కాదు, పని అని వాదించాడు. పోనీలే అని ఆ చుక్క వరకు వదిలేశాను.

దవాఖానకు వెళ్లినప్పుడల్లా డాక్టరును ఏదో ఒకటి అడిగేదాన్ని. మగ హార్మోను తయారయ్యేది కొలెస్ట్రాల్ నుంచేనట. సూదులతో బయటి నుంచి హార్మోను రాకుండా చేస్తే, కొన్ని మొండి గడ్డలు తమ లోపలే దాన్ని వండుకుంటాయట. సరుకు బంద్ చేస్తే ఇంట్లోనే గానుగ పెట్టుకున్నట్టు! దాని తెలివిని మెచ్చుకోబోయి, అది ఎవరి ఒంట్లో ఉందో గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

నెలలు గడిచాయి. రక్తపరీక్షలో గడ్డ ప్రస్తుతానికి అణగి ఉందని వచ్చింది. సూదుల వల్లనా, నడక వల్లనా అంటే డాక్టరు సూదుల పేరే చెప్పాడు. నడక మాత్రం మానొద్దన్నాడు. ఆయన అంగీలు వదులయ్యాయి.

ఒక మధ్యాహ్నం నేను సద్ది తీసుకుని దుకాణానికి వెళ్లేసరికి పక్క పప్పుల దుకాణం ఆయన మా గద్దె దగ్గర నిలబడి ఉన్నాడు. మా ఆయన్ని అన్నా అని పిలిచే మనిషి.

"ఏందన్నా, గింత చిక్కినవ్? అంత మంచిదేనా?"

నేను గ్యాస్ అనబోయాను. మా ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"క్యాన్సర్ తమ్మీ. ప్రోస్టేట్ది. సూదులు ఇస్తాండ్రు. దానికి కొవ్వంటె పానమట, గందుకే పొట్ట తగ్గించిన. రోగంతోని చిక్కలే, నేనే చిక్కిన."

ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. నూనె కొనడానికి వచ్చిన గిరాకీలు కూడా విన్నారు. ఇక ఆయన భయపడ్డ ఆ జాలిచూపు వస్తుందనుకున్నాను. పక్క దుకాణం ఆయన మా ఆయన మొహం చూడలేదు. తన పొట్ట వంక చూసుకున్నాడు. దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"అన్నా, నేను గూడ రాత్రిళ్లు ఊకె మూత్రానికి లేస్తాన్న. ఎవ్వలకు చెప్పలే. ఏ డాక్టర్?"

మా ఆయన నూనె పోస్తున్న గరాటు పక్కన పెట్టాడు. "రేపు నాతోని రా, సూపిద్దాం. పొద్దుగాల నడుసుకుంట మాట్లాడుకుందాం. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

మర్నాడు మేం హనుమకొండకు ఆటో ఎక్కలేదు. దుకాణాల షట్టర్లు లేస్తున్న వేళ, అందరూ చూస్తుండగా, మా బజారులోనే ముగ్గురం నడిచాం.