చిటుక్కు

“...యంత్రం గీత లేస్తే, పగల్లేదని మొండికేస్తారేంటి బాబాయ్? పిన్ని మాట కూడా ఇలాగే వినబడదా?”

“నా చెవిన పడలేదంటే పగల్లేదమ్మా.”

పరీక్షల గదిలో అందరికీ ఆయన బాబాయే. ఇంజిన్‌లో తిరిగే రేకులను వేడి నుంచి కాపాడేందుకు వాటి మీద ప్లాస్మా మంటతో పూత చల్లుతారు. పూత అడుగున అంతా లోహమే. పైకి వచ్చేకొద్దీ పొరపొరకీ పింగాణీ వంతు పెరుగుతుంది. వాటితోపాటే పూత పట్టించిన నమూనా పట్టీని వంచి చూడటం ఆయన పని. పూత ఓర్చుకోవాల్సినంత వంపు రాకముందే చిట్లితే ఆ దఫా రేకులు పనికిరావు. వంచే ముందు ఫ్యాను ఆపుతాడు, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటాడు, బల్లకు చెవి ఆనించి కళ్లు మూసుకుంటాడు. చిటుక్కుమనగానే వేలెత్తుతాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ వేలూ, పగులు చప్పుడును పట్టి చూపే యంత్రం గీతా ఒకేసారి లేచేవి. అందుకే, యంత్రం పాడైన మూడు వారాలూ ఆ వేలిని నమ్మే రేకులను ఇంజిన్లకు పంపారు. యంత్రం బాగై వచ్చింది ఇవాళే.

“ఇంకోటి వంచు,” అని ఆయన మళ్లీ చెవి ఆనించాడు. యంత్రం దగ్గర నిలబడి ఆయనతో వాదిస్తున్న అమ్మాయి పట్టీని వంచే పిడి తిప్పింది. గీత లేచింది. చిటుక్కుమన్న చప్పుడు నిలబడి ఉన్న ఆమెకే వినబడింది. ఆయన కళ్లు మూసుకుని ఇంకా వింటూనే ఉన్నాడు. వేలు లేవలేదు.

“బాబాయ్,” అని ఆమె భుజం తట్టింది.

ఆయన గీతను చూశాడు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాడు. లేచి ఫ్యాను వేశాడు.

“ఆ మూడు వారాల రేకులన్నీ వెనక్కి తెప్పించమ్మా. కారణం దగ్గర నా చెవుడని రాయి.”