ప్రమాద సూచిక ఎగరని ఐదు పోర్టులు

తుపాను వచ్చినప్పుడల్లా మా మచిలీపట్నం, అదే మా బందరు, పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో రాయడం చాలా ఏళ్లు నా ఉద్యోగం. మూడో నంబరుకీ ఏడో నంబరుకీ తేడా నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అంతటివాణ్ని, మా ఇంట్లో తుపాను పుట్టిన రోజున ఒక్క సూచికా ఎగరేయలేకపోయాను. పుట్టించింది నేనే మరి. అందులో ఒక ఆడపిల్ల ఉద్యోగం కొట్టుకుపోయేదే.

కొన్నేళ్ల కిందటి మాట. నాకప్పుడు నలభై ఎనిమిది. అంటే, తనకు తెలియనిది ఏదీ లేదని మగవాడు నమ్మే వయసు. మా మేడ మీద జలీల్ గారి కుటుంబం అద్దెకుంటోంది. ఇంటర్నెట్ రెండిళ్లకీ ఒకటే. అది మా హాల్లోని చిన్న స్విచ్చిలోకి వచ్చి, అక్కడి నుంచి కిందికీ పైకీ వెళ్తుంది. స్విచ్చి అంటే లైటు వేసేది కాదండోయ్. అరచేతంత పెట్టె, దానికి ఐదు కన్నాలు. కన్నాలంటే పరువు తక్కువ కాబట్టి పోర్టులంటారు.

ఈ ఉమ్మడి కాపురంతో చిక్కు ఒకటే. మేం వార్తలు చూస్తుంటే, మేడ మీద జలీల్ గారి భార్య ఫోన్లో పొరపాటున ఏదో నొక్కేవారు. మంత్రిగారి మొహం మాయమై, జాకెట్టు చేతులు కత్తిరించే విధానం మా టీవీలో ప్రత్యక్షమయ్యేది. మా ఆవిడ అలా రెండు రకాల చేతులు నేర్చుకుంది కూడా. పౌరుషమంతా నాకే.

ఒక సాయంత్రం జలీల్ గారు మెట్లు దిగి వచ్చారు.

“అన్నయ్యగారూ, రేపు పదకొండింటికి మా అమ్మాయి షబానాకి ఆన్‌లైన్లో ఇంటర్వ్యూ అండి. పైన ఫోన్ సిగ్నల్ సంగతి మీకు తెలిసిందేగా. నెట్ కాస్త చూసుకోండి.”

చూసుకోండి. తెలుగులో ఇంత ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదు. దాని జోలికి వెళ్లొద్దని ఆయన ఉద్దేశం. బాగుచేయమని నా అవగాహన. ఇంటర్వ్యూ మధ్యలో ఆ పిల్ల మొహం మా టీవీలో వచ్చిపడితే ఏం కాను?

మర్నాడు పదింటికి కంప్యూటర్లో ఆ స్విచ్చి సెట్టింగులు తెరిచాను. అందులో వీలాన్ అనే ఏర్పాటుంది. ఒకే పెట్టెలోని పోర్టుల్ని జట్లుగా విడదీస్తే, ఒక జట్టు మాట రెండో జట్టుకి వినపడదు. కింది ఇంటికి పదో నంబరు జట్టు, మేడకి ఇరవయ్యో నంబరు. సేవ్ నొక్కాను. అన్నదమ్ములు కూడా అంత శుభ్రంగా వేరుపడి ఉండరు.

టీవీ ఆగింది. కంప్యూటర్లో నెట్ ఆగింది. పోనీ వెనక్కి మారుద్దామంటే ఆ సెట్టింగుల పేజీయే తెరుచుకోదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా విషయంలో మందు సీసా కూడా గొంతులోకి జారింది. ఎలా బాగుచేయాలో నెట్‌లో వెతుకుదామని రెండుసార్లు కూర్చున్నాను. రెండోసారికి గుర్తొచ్చింది, పోయింది ఆ నెట్టేనని.

స్విచ్చి అమ్మిన ప్రసాద్‌కి ఫోన్ చేశాను. గుడివాడలో షాపు. నాకు బావమరిది వరస.

“కంగారుపడకండి బావగారూ. ఇప్పుడు మీరు ఏ పోర్టులో ఉన్నారు?”

“బందరు పోర్టే. ఇంకెక్కడుంటాను?”



“ఊరు కాదండి. మీ వైరు ఏ పోర్టులో ఉందని.”

“వైరూ బందర్లోనే ఉందయ్యా.”

షాపులో జనం ఉన్నారు, మళ్లీ చేస్తానని పెట్టేశాడు. నవ్వుకోవడానికి పెట్టేశాడని తర్వాత తెలిసింది.

పదిన్నర దాటింది. షబానా కిందికి వచ్చింది. ఇస్త్రీ చుడీదారు, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు.

“అంకుల్, చివరగా ఏం మార్చారు?”

“ఏమీ మార్చలేదమ్మా.”

“సరే అంకుల్, మార్చలేదు. మరి ఎందాకా బాగుంది?”

“సేవ్ నొక్కేదాకా.”

ఆ పిల్ల నవ్వలేదు. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు తాగమంది. ఇంటర్వ్యూ తనకి, చెమటలు నాకు. అంతా ఒప్పేసుకున్నాను.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో వంకాయలు తరుగుతూ ఇదంతా వింటోంది. బంటుమిల్లి వైపు కాలువ మీద నీళ్లు వదిలే లస్కరు గారి కూతురు. కంప్యూటర్ ముట్టుకోదు.

“రెండు చేలకీ మధ్య గట్టు వేశారు, బానే ఉంది. కాలువ నీళ్లు వచ్చే తూము ఏ చేలో పెట్టారు?”

వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. బయటి నుంచి నెట్ వచ్చే ఒకటో పోర్టుని ఏ జట్టులోనూ చేర్చలేదు. చుక్క నీరు రాని రెండు చేల మధ్య గట్టు వేసి, పైగా ఇంటికి దారి లేకుండా అవతలే నిలబడ్డాను.

షబానా స్విచ్చి తిరగేసి, వెనక సూదిమొనంత కన్నం చూపించింది. రీసెట్. అది నొక్కితే నా ప్రతిభ మొత్తం చెరిగిపోయి, పెట్టె కొన్ననాటిలా అవుతుందట. గుచ్చడానికి ఇంట్లో ఏదీ దొరకలేదు. మా ఆవిడ గాజులకి వేలాడుతున్న పిన్నీసు తీసిచ్చింది. షబానా గుచ్చిపట్టి పది లెక్కపెట్టింది. లైట్లన్నీ ఆరి మళ్లీ వెలిగాయి. రెండు జట్లూ ఉమ్మడి కుటుంబంలో కలిసిపోయాయి. పదకొండుకి ఎనిమిది నిమిషాలుంది. ఆ పిల్ల మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

మధ్యాహ్నం మళ్లీ తనే వచ్చింది. ఆ ఉద్యోగం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కంప్యూటర్లు మొరాయించి ఫోన్ చేసేవాళ్లకి ఓపిగ్గా సాయం చేయడం.

“మొండి కస్టమర్‌ని ఎలా దారికి తెస్తావని అడిగారు అంకుల్. పొద్దున సంగతి చెప్పాను. ‘ఏమీ మార్చలేదు’ దగ్గరే నవ్వడం మొదలెట్టారు. వచ్చే నెల చేరమన్నారు.”

“నా పేరు చెప్పావా?”

“అయ్యో, లేదంకుల్. కింది ఇంటి ముసలాయన అన్నాను.”

నలభై ఎనిమిది, మళ్లీ మనవి చేస్తున్నాను. వెనకే జలీల్ గారు వచ్చి నా చేతులు పట్టుకుని, “మీరు చూసుకోబట్టే అన్నయ్యగారూ” అన్నారు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి నవ్వుకుంది.

ఆ పిన్నీసు ఇప్పటికీ స్విచ్చి పక్కన మేకుకి వేలాడుతోంది. మా ఇంటి ప్రమాద సూచిక అదే. టీవీలో జాకెట్టు చేతులూ వస్తూనే ఉన్నాయి. ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఇకపై ఎవరు ఏది చూసుకోమన్నా తప్పకుండా చూస్తాను. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లతో మాత్రమే.