చాట్రాయిలో గుత్తకి కుట్టిన జాకెట్లు

1986లో నాకు హనుమాన్ జంక్షన్‌లో లేడీస్ టైలరింగ్ షాపు ఉండేది. ఆ జనవరిలో ఒక మహిళా సంస్థవాళ్ళు వచ్చి, చాట్రాయి దగ్గర ఒక ఊళ్ళో కూలిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి కుట్టు నేర్పమన్నారు. ఉద్యోగం కాదు, ఆరు నెలల కాంట్రాక్టు. జూన్ ఆఖర్లో పరీక్ష, నెగ్గినవాళ్ళకి కుట్టుమిషను సొంతం. "ఓస్, ఇంతేనా" అని ఒప్పేసుకున్నాను. ఏప్రిల్ వచ్చేసరికి మామిడి కోతలు మొదలవుతాయని, తోటల మధ్య పుట్టిపెరిగినదాన్ని, నాకైనా తట్టాలి కదా! తట్టలేదు.

ఆ సంగతి గుర్తుచేసింది వెంకాయమ్మ. నలభై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి కాయల గంపలు మోసి మోసి నడుం పట్టేసింది. ఇక బరువు ఎత్తితే మంచాన పడతావని నూజివీడులో డాక్టరు చెప్పాడట. అందరికీ మిషను ఒక సరదా అయితే ఆవిడకి అదే బతుకుతెరువు.

"కోతలొస్తే వీళ్ళంతా తోటలకి పోతారండీ. పోకపోతే మేస్త్రి వేరేవాళ్ళని పెట్టుకుంటాడు, మళ్ళీ పై ఏడు పిలవడు. నేనొక్కదాన్నే మిగిలితే క్లాసు నడుపుతారాండీ?" అని అడిగింది.

నడపరు. సగం మంది రాకపోతే క్లాసు ఎత్తేసి మిషన్లు పట్టుకుపోతామని సంస్థవాళ్ళు ముందే చెప్పారు. వెంటనే వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి పరీక్ష ముందే పెడతారా అని అడిగాను. "నేర్పాల్సిందంతా నేర్పేస్తే ఎప్పుడైనా పెడతామండీ, మాకేం అభ్యంతరం?" అన్నారు. అంటే ఆరు నెలల పని కోతల్లోపు అయిపోవాలి.

కానీ మావాళ్ళ తీరు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. వచ్చి కూర్చుంటారు, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకుంటారు, ఒక కుట్టు వేస్తారు, పొద్దు ఎక్కడుందో చూస్తారు. ఒకరోజు గట్టిగా కేకలేశాను. అందరూ తలలు వంచుకున్నారు గానీ వెంకాయమ్మ తాపీగా అడిగింది.

"టీచరుగారండీ, ఇది రోజుకూలీయా, గుత్తా?"

రోజుకూలీ అంటే పొద్దుగూకే దాకా ఉండాల్సిందే, గబగబా చేసినా ముందు వదలరు. గుత్త అంటే ఇంత పని అని మాట్లాడుకుంటారు, అది అయిపోతే ఇంటికి పోవచ్చు. అంతవరకూ వాళ్ళు నా క్లాసుని రోజుకూలీ లెక్కలో వేసుకున్నారన్నమాట!

"గుత్తే!" అన్నాను. "లంగా, గౌను, జాకెట్. ఇవి కుట్టడం వస్తే ఆ రోజే సెలవు."

ఇక చూడండి. నేను బస్సు దిగేసరికే మిషన్లు టకటకలాడుతూ ఉండేవి. లంగాలు, గౌన్లు ఇట్టే అయిపోయాయి. జాకెట్లయితే కుప్పలు కుప్పలు. నా అంత టీచరు కృష్ణా జిల్లాలోనే లేదనుకుని తెగ మురిసిపోయాను.

ఆ మురిపెంలోనే ఒక మధ్యాహ్నం, "వెంకాయమ్మా, పరీక్షలో లాగే నా ముందు ఒక జాకెట్ పూర్తిగా కుట్టు" అన్నాను. నడుం పట్టీ చక్కగా కుట్టింది. అక్కడితో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"తర్వాత?"

"చేతులు సుబ్బులు అతుకుతుందండీ."

సుబ్బులు వైపు తిరిగాను. "నాకు మెడ రాదండీ, అది మంగది" అంది.

అప్పుడు అర్థమైంది. షెడ్డులో కాయలు పెట్టెలకెత్తేటప్పుడు ఒకళ్ళు కాయ ఏరతారు, ఒకళ్ళు గడ్డి పరుస్తారు, ఒకళ్ళు పేరుస్తారు. గుత్త పని అలాగే తెమిలేది. వీళ్ళూ అంతే, జాకెట్‌ని పంచేసుకున్నారు. ఎవరి ముక్క వాళ్ళకి బ్రహ్మాండంగా వచ్చు, పూర్తి జాకెట్ ఒక్కరికీ రాదు!

"ఓరి దేవుడోయ్! జాకెట్ కుట్టమంటే మామిడికాయల పెట్టె సర్దారేంటే!" అని స్టూలు మీద కూలబడ్డాను. అందరూ విరగబడి నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. వెంకాయమ్మ మాత్రం నవ్వలేదు.

"అయితే నాకు మిషను రానట్టేనాండీ?"

బయట తోటల్లో పిందెలు అప్పటికే నిమ్మకాయలంత అయ్యాయి.

"ఎందుకు రాదు? రేపట్నుంచి ఎవరి జాకెట్ వాళ్ళదే. పరీక్షకి ఎవరు కుట్టుకున్నది వాళ్ళే తొడుక్కుని రావాలి. చెయ్యి అతకడం రాకపోతే చెయ్యి లేకుండానే రండి!" అన్నాను.

"అమ్మో, సిగ్గండీ!" అని గోల పెట్టారు. ఆ సిగ్గే పని చేయించింది. ఎవరికి వచ్చిన ముక్క వాళ్ళు మిగతావాళ్ళకి నేర్పాలన్నాను. చేతులకి సుబ్బులు టీచరు, మెడకి మంగ టీచరు. సుబ్బులైతే నాలాగే కేకలేసేది, నేను అంత గయ్యాళినా అని నాకే అనుమానం వచ్చింది.

వెంకాయమ్మని ఏడిపించింది ఆర్మ్‌హోల్. చెయ్యి అతికే చోట గుండ్రటి కోతని మేం అలా అంటాం. అక్కడ బట్ట లాగితే ముడతలు, వదిలితే బుడగలు. కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది.

"ఈ చంక నా ప్రాణం తీస్తోందండీ!"

"నువ్వే దాని ప్రాణం తియ్యి!" అన్నాను.

మార్చి ఆఖర్లో పరీక్ష పెట్టారు. అందరూ చేతులున్న జాకెట్లే తొడుక్కుని వచ్చారు! వెంకాయమ్మ కుట్టింది పరీక్షాధికారిణి తిరగేసి, చంక దగ్గర రెండు చేతులా గట్టిగా లాగి చూసింది. "బాగుందమ్మా" అంది. వెంకాయమ్మ మిషను మీద తల ఆనించి ఏడ్చేసింది. అందరూ నెగ్గారు.

వెళ్తూ వెళ్తూ పరీక్షాధికారిణి నన్ను అడిగింది: "ఆరు నెలల కాంట్రాక్టు సగానికే ముగించుకున్నారు. మీకు నష్టం కాదూ?"

"గుత్త పని కదండీ. అయిపోతే ఇంటికి పోవడమే" అన్నాను. షాపులో పెళ్ళిళ్ళ సీజను నాకోసం కాచుకుని ఉంది మరి.

ఆ తర్వాత ఎక్కడ నేర్పడానికి వెళ్ళినా, మీరు మీ పని ఎలా చేసుకుంటారో ముందు చెప్పండి అని అడగడం అలవాటు చేసుకున్నాను. అది తెలియకుండా టేపు చేతిలోకి తీసుకోను.

ఆఖరి రోజు బస్సు దగ్గర వెంకాయమ్మ నా చేతిలో కాగితం పొట్లం పెట్టింది. లోపల మామిడి చిగురు రంగు జాకెట్. కొలతలు ఎక్కడివి అని అడగబోయాను. కొలతలు తీయడం నేర్చుకున్నదే నా మీద కదా!

"ఇది మాత్రం అందరం కలిసి గుత్తకే కుట్టామండీ. మెడ మంగది, పట్టీ సుబ్బులుది. చేతులు నేనే అతికాను" అంది వెంకాయమ్మ.

ఇంటికొచ్చి తొడుక్కున్నాను. ఎడమ చంకలో కాస్త పట్టేసింది. విప్పి సరిచెయ్యడం నాకు చిటికెలో పని. ఇన్నేళ్ళలో దాని మీద కత్తెర మాత్రం పెట్టలేదు.